ఒక్క ఓటు తేడా

సంపాదకులు గారికి,

అమెరికాలో మాదిరి మనకూ అధ్యక్ష పాలన రావాలనీ, గెలిచిన నాయకుణ్ని ఐదేళ్లూ ఎవరూ కదపకూడదనీ ఈమధ్య ఒంగోలు బస్టాండులోనూ వింటున్నాను. నేను మాత్రం వద్దంటాను.

మన జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారి సంగతే చూడండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది దాటి నెల తిరిగిందో లేదో, మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాసం పెడితే ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. సైమన్ కమిషన్ నాడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపిన మనిషి, సభలో లెక్క తప్పేసరికి దిగక తప్పలేదు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి గారికి విశ్వాస తీర్మానంలో పడ్డ ఓట్లు 269, ఎదురు పడ్డవి 270. ఆరోజే రాజీనామా ఇచ్చారు.

అమెరికాలోనూ ఒక్క ఓటు కథ ఉంది, కాకపోతే తలకిందులు. 1868లో ఆండ్రూ జాన్సన్‌ను దించాలని అక్కడి పెద్దల సభ సెనేట్‌లో 35 మంది, వద్దని 19 మంది. మూడింట రెండొంతులకు ఒకటి తగ్గింది, అధ్యక్షుడు కుర్చీలోనే ఉన్నాడు. క్లింటన్‌ మీదా, రెండుసార్లు ట్రంప్‌ మీదా అభిశంసన నడిచింది. సెనేట్ ఇంతవరకూ ఒక్కరినీ దించలేదు. దించాలంటే తప్పు చేశాడని తేల్చాలి మరి. పాలన చేతకాకపోవడం అక్కడ తప్పు కింద రాదు! బడ్జెట్ దగ్గర పేచీ వస్తే ఆఫీసులు మూతపడతాయి గానీ అధ్యక్షుడు పోడు. 2018 డిసెంబరులో మొదలైన మూత 35 రోజులు సాగింది. ఇక్కడ బడ్జెట్ ఓడితే ప్రభుత్వమే ఇంటికి పోవాలి. అమెరికా పద్ధతిలో నిలకడ ఎక్కువ, జవాబుదారీ తక్కువ అని అంబేద్కర్ 1948లోనే రాజ్యాంగ సభకు చెప్పారు.

అలాగని మన పద్ధతి సవ్యంగా నడుస్తోందని అనను. నేను ఎంపీటీసీగా గెలిచినప్పుడు మమ్మల్ని బస్సెక్కించి క్యాంపుకు తీసుకెళ్లారు. ఫోన్లు తీసుకున్నారు. టిఫిన్లకు లోటు లేదు, కిందికి దిగి టీ తాగుదామంటే మాత్రం వెనకాలే ఒకరు. మండల పరిషత్ అధ్యక్షుడి (ఎంపీపీ) ఎన్నిక రోజున విప్ కాగితం, అంటే ఎవరికి ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం, చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు. ఎవరికి చెయ్యెత్తాలో ఆ పొద్దున బస్సులోనే తెలిసింది.

ఎమ్మెల్యేలైనా ఎంపీలైనా ఇంతే. 1985 నాటి ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. పార్టీలు మారే బేరాలు ఆగాలని తెచ్చారు. బేరాలు ఆగలేదు, నోళ్లు మాత్రం మూతపడ్డాయి. విశ్వాస తీర్మానానికీ బడ్జెట్‌కీ విప్ ఉండనివ్వండి. పొగాకు మీద, రొయ్యల చెరువుల మీద బిల్లు వచ్చినప్పుడైనా మా సభ్యుణ్ని మా మాట చెప్పనివ్వరా? దీనికి మన ఎంపీలు ఏమంటారో మీ పత్రికే అడిగి అచ్చు వేయాలని కోరుతున్నాను.

— ఒక మాజీ ఎంపీటీసీ సభ్యురాలు, ఒంగోలు