మీ పట్టికలో లేని గడి

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ గెలుపోటముల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఏ ఏడు ఎన్ని సీట్లో చూపించే పట్టిక ఉపయోగంగా ఉంది, కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను. అయితే వ్యాసమంతా చదివాక చేతికి మిగిలింది ఒక్క మాటే: రాష్ట్రాన్ని విడదీసింది కాబట్టి ఇక్కడ సున్నా అయింది. మా అరుగు మీద కబుర్లలోనూ ఇన్నేళ్లుగా ఇదే మాట వింటున్నాను. అబద్ధమని అనను, సగం నిజం అంటాను. మిగతా సగం కనిపించాలంటే మీ పట్టికలో ఇంకో గడి గీయాలి. గెలిచిన ప్రతిసారీ ఆ అయిదేళ్లలో ముఖ్యమంత్రులు ఎందరు మారారో రాసే గడి.

నేను గీసి చూశాను. 1956లో నీలం సంజీవరెడ్డి, 1960లో దామోదరం సంజీవయ్య. 1962లో మళ్లీ సంజీవరెడ్డి, రెండేళ్లకే కాసు బ్రహ్మానందరెడ్డి. 1967 ఎన్నికల్లో గెలిపించింది కాసు, 1971లో ఆ కుర్చీలోకి వచ్చింది పీవీ నరసింహారావు. 1972లో గెలిచిన పీవీ ఏడాది తిరక్కుండానే, ఆంధ్రకు విడిగా రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమంలో దిగిపోయారు. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1973 చివర్లో జలగం వెంగళరావు వచ్చారు. 1978 నుంచి 1983 వరకు నలుగురు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1989లో గెలిచాక ముగ్గురు: చెన్నారెడ్డి, నేదురుమల్లి, మళ్లీ కోట్ల. 2009 తరవాత కూడా ముగ్గురే. ఒకే ముఖ్యమంత్రి ఎన్నిక నుంచి ఎన్నిక దాకా ఉన్న శాసనసభ ఈ వరసలో ఒక్కటే, 2004–09. ఆ అయిదేళ్లూ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉన్నారు, మళ్లీ గెలిచారు కూడా.

అన్నీ ఢిల్లీలోని పార్టీ అధిష్ఠానం చేసిన మార్పులు కావు, నిజమే. 1964లో సంజీవరెడ్డి సుప్రీంకోర్టు వ్యాఖ్యల తరవాత తనే రాజీనామా చేశారు. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. పోయింది హెలికాప్టర్ ప్రమాదంలో. కానీ 'సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి', అంటే ఢిల్లీ నుంచి మూసిన కవర్లో పేరు వచ్చిన ముఖ్యమంత్రి, అన్న మాట మన భాషలోకి ఊరికే రాలేదు కదా. భవనం వెంకట్రామ్ గారు ఉన్నది ఏడు నెలలు. ఒక పంట వేసి, కోసి, అమ్ముకునేంత కాలం.

మరి ఇన్నిసార్లు మార్చినా 1962, 67, 72, 78లలో ఎలా గెలిచారని మీరు అడగొచ్చు. ఎదురుగా ఎవరూ నిలబడలేదు కాబట్టి. 1955లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చేస్తారని అనుకున్నారు. తీరా చూస్తే 196 స్థానాల్లో వాళ్లకు 15 వచ్చాయి, కాంగ్రెస్ కూటమికి 146. ఆ ఎన్నికల్లో మా నాన్న కాడెద్దుల గుర్తుకు ఓటేశారు. చివరిదాకా ఆయనకు కాంగ్రెస్ అంటే కాడెద్దులే. మధ్యలో ఆవూ దూడా వచ్చింది, పోయింది. నా మొదటి ఓటు 1978లో, చెయ్యి గుర్తుకు. ఆ గుర్తు అప్పుడే పుట్టింది. ఇందిరాగాంధీ జనవరిలో విడిగా పార్టీ పెట్టుకుంటే ఫిబ్రవరిలో ఆమెను గెలిపించింది మనమూ, కర్ణాటకా. ఇక్కడ 294లో 175 ఇచ్చాం. ముఖ్యమంత్రి వెంగళరావు, అప్పటి జాతీయ అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి ఉన్న అసలు కాంగ్రెస్‌కు 30 వచ్చాయి. అంతకు ఏడాది ముందు, ఉత్తరాది అంతా ఊడ్చుకుపోయినప్పుడు, 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఇచ్చిన రాష్ట్రం కూడా ఇదే. తప్పిపోయిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా తరఫున గెలిచింది మన సంజీవరెడ్డే!

అలాంటి రాష్ట్రంలో ఆ అయిదేళ్లలోనే నలుగురిని మార్చారు. 1982లో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో ముఖ్యమంత్రి అంజయ్య గారికి జరిగిన అవమానం గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు, తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారు. కాంగ్రెస్‌కు 60 సీట్లు. ఆయన ఎత్తుకున్న ఆత్మగౌరవం అన్న ఒక్క మాట అన్ని ఓట్లు తెచ్చిందంటే, అది తగిలే చోటు అప్పటికే పుండై ఉందన్నమాట.

ఇక్కడ మీ వ్యాసకర్త గమనించాల్సింది ఒకటుంది. 1983లో ఓడినప్పుడు కూడా కాంగ్రెస్‌కు మూడో వంతు ఓట్లు ఉన్నాయి. 1994లో 26 సీట్లకు పడిపోయినప్పుడు కూడా అంతే, మూడో వంతు. 1999లో నలభై శాతం ఓట్లతో 91 సీట్లు. 2004లో ఓట్ల శాతం తగ్గినా టీఆర్ఎస్, కమ్యూనిస్టులతో పొత్తు ఉండడంతో 185 సీట్లు. సీట్లు ఎంత ఊగినా ఊళ్లో ఆ ఓటు మాత్రం కదల్లేదు. అందుకే 1985లో 50 సీట్లతో ఉన్న పార్టీ 1989లో 181 తెచ్చుకుంది, 1994లో 26 ఉన్నది పదేళ్లకు మళ్లీ లేచింది. వై.ఎస్. పాదయాత్ర గురించి అందరూ చెబుతారు, చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా. ఎండలో నడిచింది ఆయనే, కాదనను. కానీ దారి పొడవునా జెండా పట్టుకుని ఎదురొచ్చిన మనిషి ఊరూరా అప్పటికే ఉన్నాడు.

ఆ మనిషి ఎప్పుడు వెళ్లిపోయాడన్నదే అసలు ప్రశ్న. 2014 ఫిబ్రవరిలో లోక్‌సభ తలుపులు మూసి బిల్లు ఆమోదించినప్పుడు కాదు. అంతకు రెండేళ్ల ముందే, 2012 జూన్ ఉపఎన్నికల్లో, 18 శాసనసభ స్థానాల్లో 15 వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లాయి. కాంగ్రెస్‌కు దక్కినవి నరసాపురం, రామచంద్రపురం. అప్పటికి విభజన బిల్లు లేదు, కాంగ్రెస్ కార్యవర్గ తీర్మానమూ లేదు. ఢిల్లీలో అధికారం ఉంది, హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి ఉన్నాడు. ఓటు మాత్రం ఇల్లు మారింది. నా లెక్కలో విభజన ఆ ఖాళీ ఇంటికి పడిన తాళం.

తెలంగాణ కూడా నా వాదనకే సాయం వస్తుంది. రాష్ట్రం ఇచ్చారు కదా, 2014లో 119లో 21 వచ్చాయి. 2018లో 19 వస్తే, గెలిచినవాళ్లలో 12 మంది టీఆర్ఎస్‌లోకి వెళ్లిపోయారు. ఎమ్మెల్యేలు పోయినా గ్రామాల్లో కార్యకర్త పోలేదు కాబట్టి 2023లో 64 వచ్చాయి. ఇక్కడేమో ఓట్లు 2014లో మూడు శాతం లోపు, 2019లో నోటా కంటే తక్కువ, 2024లో రెండు శాతం లోపు. మూడుసార్లూ సీట్లు సున్నా.

ఈ పదేళ్లలో రాష్ట్ర అధ్యక్షులు నలుగురయ్యారు: రఘువీరారెడ్డి, శైలజానాథ్, గిడుగు రుద్రరాజు, షర్మిల. నలుగురినీ ఢిల్లీయే నియమించింది. షర్మిల గారు పార్టీలో చేరిన నెలలోనే అధ్యక్షురాలయ్యారు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. ఓడిపోతామని తెలిసీ కడపలో నిలబడడానికి ధైర్యం కావాలి, మూడో స్థానంలో వచ్చినా లక్షకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. నా గొడవ పద్ధతి గురించి. అధికారం ఉన్నప్పుడు ముఖ్యమంత్రిని కవర్లో పంపారు. అధికారం లేనప్పుడు అధ్యక్షుణ్ని ప్రకటనలో పంపుతున్నారు. ఢిల్లీ అంటే పరాయివాళ్లని అనుకోవడం కూడా తప్పే. పట్టాభి సీతారామయ్య దగ్గర నుంచి పీవీ దాకా ఆ జాతీయ అధ్యక్షుడి కుర్చీలో మనవాళ్లు అయిదుగురు కూర్చున్నారు. వాళ్లలో ఎవరూ ఈ అలవాటు మాన్పించలేదు.

నేనిప్పుడు ఏ పార్టీ సభ్యుణ్నీ కాను. మళ్లీ చెయ్యి గుర్తుకు వేస్తానో లేదో కూడా చెప్పలేను. కానీ బలమైన ప్రతిపక్షం లేక రాష్ట్రం ఎలా ఊగుతోందో చూస్తున్నాం: 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 సీట్లు, 2024లో అదే పార్టీకి 11. మూడో మాట వినిపించే పార్టీ ఒకటి ఉంటే బాగుండును. అందుకు కాంగ్రెస్‌వాళ్లు పాదయాత్రలు, బస్సుయాత్రలు పక్కనబెట్టి ముందు మండలాల్లో సభ్యుల జాబితాలు గోడకు అంటించాలి. మండల అధ్యక్షుణ్ని ఆ సభ్యులే ఓటేసి ఎన్నుకోవాలి, రాష్ట్ర అధ్యక్షుణ్ని ఆ మండలాలవాళ్లు ఎన్నుకోవాలి. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ ఎంపీటీసీ, జడ్పీటీసీలకు ఉంటాయి. అక్కడ పోటీకి దిగేవాళ్లు ఎందరో చూస్తే, తరవాతి శాసనసభ లెక్క మీరు పట్టిక వేయకముందే మాకు తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి