జాడీలు మళ్లీ తెచ్చుకోవచ్చు, ధర మాత్రం పెరిగింది

అందరికీ నమస్కారం. ముందు చేదు కబురు చెప్పేస్తాను. ఈ నెల నుంచి అరకిలో ఆవకాయ మీద 20 రూపాయలు, పావుకిలో రొయ్యల పచ్చడి మీద 30 రూపాయలు పెంచుతున్నాను. పప్పునూనె పెరిగింది, మిరప్పొడి పెరిగింది అని చెప్పి ఊరుకోవచ్చు. అది సగమే నిజం. మిగతా సగం డబ్బు పచ్చడిలోకి పోవడం లేదు, సీసా మీది లేబులుకీ బీరువాలోని ఫైళ్లకీ పోతోంది. మీ జేబులోంచి తీసుకుంటున్నప్పుడు ఆ లెక్క మీకు చెప్పకుండా ఉండడం నాకు బాగోలేదు.

మంచి కబురు కూడా ఒకటుంది. మీ జాడీ మీరే తెచ్చుకుని పచ్చడి పోయించుకునే పద్ధతి ఏడాదిన్నర కిందట ఆపేశాను, అది మళ్లీ మొదలుపెడుతున్నాను. దానికి షరతులున్నాయి, చివర్లో రాశాను. మధ్యలోది వదిలేసి అక్కడికి గెంతకండి, గెంతితే షరతులు చూసి కోపం వస్తుంది.

మా అత్తగారు విశాఖ అల్లిపురంలో ఇంటి వరండాలో పచ్చళ్లు అమ్మడం మొదలుపెట్టిన రోజుల్లో లేబులూ లేదు, సీసా కూడా లేదు. ఎవరి జాడీ వాళ్లు తెచ్చుకునేవారు. ఆవిడ మూత తీసి, లోపల చెయ్యి పెట్టి చూసేది. ఏ మూలైనా తడి తగిలిందంటే "ఎండలో పెట్టి రేపు పట్టుకురా" అని వెనక్కి పంపేసేది. పోర్టులో ఇంజనీరు గారైనా, పూర్ణా మార్కెట్లో మూటలు మోసే మనిషైనా ఒకటే మాట. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. పచ్చడికి బూజు పడితే ఆవిడ పేరూ పోతుంది, కొన్నవాళ్ల డబ్బూ పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి జాడీ తుడవడం వాళ్ల పని, తడిమి చూడడం ఈవిడ పని.

ఇప్పుడు నా సీసా తిప్పి చూడండి. 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, నికర బరువు, పన్నులన్నీ కలిపిన ధర, పదార్థాల జాబితా, పోషక విలువల పట్టిక, ఫిర్యాదుకు ఫోను నంబరు, శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు త్రిభుజం. అక్షరం ఎంత ఎత్తుండాలో దానికీ రూలుంది. రొయ్యల పచ్చడి మీద రొయ్యలున్నాయని అలర్జీ హెచ్చరిక విడిగా వేయాలి. ఆ లేబులు మొదటిసారి అచ్చయి వచ్చినప్పుడు మా దగ్గర కాయ తరిగే ఆవిడ చదివించుకుని "ఏటమ్మా, రొయ్యల పచ్చట్లో రొయ్యలుంటాయని రాయాలేటి?" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నిజానికి ఆ హెచ్చరిక పనికొచ్చేది రొయ్యల సీసా మీద కాదు. రొయ్యలు వేయించిన మూకుడు సరిగ్గా కడక్కుండా గోంగూర మగ్గబెడితే, ఆ గోంగూర సీసాకి పనికొస్తుంది. కానీ మూకుడు కడిగామో లేదో మాకు తప్ప ఏ లేబులుకి తెలుస్తుంది?

రూల్సన్నీ దండగ అని నేననను. పనివాళ్లకి ఏటా డాక్టరు పరీక్ష, టైఫాయిడ్ టీకా, నీళ్ల పరీక్ష, ఇవన్నీ చట్టం అడగకపోయినా చేయించాల్సినవే. కాటాకి ఏటా ముద్ర వేయించుకోవడమూ అంతే, తూకం విషయంలో కొన్నవాళ్లకి అనుమానం రాకూడదు. మిరప్పొడిలో రంగు కలిపేవాళ్లని పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాల్సిందే. పైగా మనం విశాఖలో ఉంటున్నాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి నడిచిందని తర్వాత బయటపడింది. ఆ ఊరివాళ్ల ముందు నిలబడి నియంత్రణ అక్కర్లేదని అనగలిగే మనిషిని కాను నేను. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. అంత పెద్ద ట్యాంకు దగ్గర కళ్లు మూసుకోగలిగిన వ్యవస్థ, నా సీసా మీద అక్షరం ఎత్తుని మాత్రం మిల్లీమీటర్లలో కొలుస్తుంది.

మే 31 సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. ఆహారం తయారుచేసే లైసెన్సున్న ప్రతివాళ్లూ ఏడాదిలో ఏ సరుకు ఎంత చేశారో లెక్క కట్టి మే 31లోగా దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు. బిస్కెట్లు చేసేవాళ్లకి మే అయినా నవంబరైనా ఒకటే కావచ్చు. ఆవకాయ వాళ్లకి మే నెల అంటే ఏమిటో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. విజయనగరం వైపు నుంచి కాయ దిగుతూ ఉంటుంది, టెంక ముదిరిందో లేదో కాయ కాయా చూసుకోవాలి, తరిగిన ముక్క తుడవాలి, మూడో రోజు జాడీలు తిరగ కలపాలి, తొలకరి పడేలోపు అంతా అయిపోవాలి. ఆ నెలలో నేను కారం చేతులతో కంప్యూటరు ముందు కూర్చుని, కిందటేడు మాగాయ ఎన్ని కిలోలు చేశానో గళ్లలో నింపుతూ ఉంటాను. ఒక ఏడాది మర్చిపోయాను. 11 రోజులు, 1100 రూపాయలు. ఆ గడువు పెట్టినవాళ్ల ఇంట్లో ఎవరూ ఆవకాయ పట్టరని అప్పుడే తేలిపోయింది.

కిందటేడు తనిఖీకి వచ్చిన అధికారి మర్యాదస్తుడు, ఆయన్ని ఏమీ అనను. గోడ మీద బోర్డు ఉందా అన్నారు, ఉంది. ఆరు నెలలకోసారి చేయించే ల్యాబు పరీక్ష కాగితం చూపించమన్నారు, చూపించాను. పురుగుల మందు కొట్టించిన రిజిస్టరు, శుభ్రం చేసిన రిజిస్టరు, బిల్లు మీద లైసెన్సు నంబరు. గంటసేపు కూర్చున్నారు, మజ్జిగ తాగారు, వెళ్లిపోయారు. గదిలో వాసెన కట్టిన జాడీలు 40 ఉన్నాయి, ఒక్కటైనా విప్పించలేదు. మా అత్తగారైతే రిజిస్టరు వైపు చూడను కూడా చూసేది కాదు, సరాసరి జాడీ దగ్గరికే పోయేది.

జాడీలు ఎందుకు ఆపానో చాలామంది అడిగారు. మీ జాడీలో పోయకూడదని ఏ చట్టమూ నాకు చెప్పలేదు. కాగితాలు చూసిపెట్టే కుర్రాడు చెప్పాడు. "అక్కా, వాళ్ల జాడీలోకి వెళ్లాక ఏదైనా అయితే లేబులు లేదు, బ్యాచ్ నంబరు లేదు, మన దగ్గర రుజువేం ఉంటుంది? మానేయండి" అన్నాడు. మానేశాను. 2023లో కేంద్రమే జన విశ్వాస్ చట్టం పేరుతో 42 చట్టాల్లోని 183 నిబంధనల కింద శిక్షల భయం తగ్గించింది, అందులో ఆహార భద్రత చట్టం కూడా ఉంది. అయినా భయం ఒకసారి ఒంట్లోకి ఎక్కాక గెజిట్టుతో దిగదు. దానివల్ల ఏమైందంటే, మీరు కడిగి తెచ్చుకునే జాడీ బదులు నేను నెలకి వందల కొద్దీ సీసాలు కొంటున్నాను. ఒకపక్క ప్లాస్టిక్ తగ్గించమంటారు, 2022 చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని సంచి ఇవ్వకూడదు. ఇంకోపక్క ప్రతిదీ మూతేసి, సీలేసి, ఆ మూత మీద మళ్లీ ప్లాస్టిక్ తొడుగు. చెత్త తగ్గించడమంటే ఏమిటో పేరు కూడా తెలియకుండానే మా అత్తగారి పింగాణీ జాడీ ఆ పని చేసేది.

ఇప్పుడు తేదీ దగ్గరికి వద్దాం. ఇక్కడ మీ వంతు కూడా ఉంది, ఏమీ అనుకోకండి.

సీతమ్మధార నుంచి ఒక పెద్దాయన గడువు దాటిన రెండో రోజున మాగాయ సీసా తీసుకొచ్చారు. సగం తిన్నారు. "డేటు అయిపోయిందమ్మా, డబ్బులిచ్చెయ్" అన్నారు. ఆయన ఎదురుగానే వేడన్నంలో కలిపి తిన్నాను. రెండు రోజుల క్రితం బాగున్నదే ఈరోజూ బాగుంది. ఆయన మొహంలో అనుమానం పోలేదు. ఆ వారంలోనే బెంగళూరు నుంచి ఒక అమ్మాయి ఫొటో పంపింది. ఆవకాయ మీద తెల్లటి బూజు. "ఇంకా అయిదు నెలలు టైముంది కదా ఆంటీ?" అంది. ఫొటోలోనే చెంచా కనిపిస్తోంది, దాని మీద పెరుగు మరకతో సహా. ముక్క నూనెలో మునిగి లేదు, పైకి తేలి ఎండిపోయింది. పచ్చడిని కాపాడేవి ఉప్పు, పులుపు, పైన తేలే నూనె. తడి చెంచా పడినచోట ఉప్పు పలచబడుతుంది, బూజుకి అక్కడ చోటు దొరుకుతుంది. మన సముద్రపు గాలిలో మూత తీసి పెడితే చెప్పక్కర్లేదు. అది ఏ రూలూ ఆపలేదు, ఎందుకంటే ఆ చెంచా నా చేతిలో లేదు.

ఇంకో మాట చెప్పాలి, చాలామందికి ఇది తెలియదు. ఆ తేదీ ప్రభుత్వం వేసింది కాదు. తయారుచేసినవాళ్లమే వేస్తాం. 2020 అక్టోబరు 1 నుంచి మిఠాయి దుకాణాల్లో విడిగా అమ్మే స్వీట్ల దగ్గరా తేదీ పెట్టాలన్నారు, అక్కడా తేదీ తేల్చేది దుకాణం వాళ్లే. అంటే మీరు నమ్ముతున్నది నా అంచనానే. దానికి అచ్చు అక్షరాలు తొడిగేసరికి నా ముక్కూ మీ ముక్కూ రెండూ సెలవు పెట్టేశాయి.

నా ముక్కు సంగతి ఊరికే అనలేదు. కిందటి మేలో మిరప్పొడి బస్తాలు దిగాయి. వ్యాపారి ల్యాబు రిపోర్టు ఇచ్చాడు, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి. పాత అలవాటు ప్రకారం గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూడాలి, ఉండ కడుతుందేమో చూడాలి, గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి రంగు చారలుగా దిగుతుందేమో చూడాలి. ఈ గ్లాసు పరీక్ష ప్రభుత్వం వేసిన పుస్తకంలో కూడా ఉంది. ఆరోజు చూడలేదు. రిపోర్టు ఉంది కదా, ఫైల్లో పెట్టేశాను. ఒక బస్తా చెమ్మ పట్టి ఉంది. రిపోర్టు అబద్ధం కాదు, అది వేరే బస్తాది, అంతే. పదిహేను రోజుల్లో 60 కిలోల ఆవకాయ పులిసి పొంగింది. అప్పటికే 17 సీసాలు బయటికి వెళ్లాయి. బ్యాచ్ నంబరు ఉండబట్టి ఎవరెవరికి వెళ్లాయో తెలిసింది, ఆ విషయంలో మాత్రం రూలుకి దండం పెడతాను. అందరికీ ఫోన్లు చేసి వేరే సీసాలు ఇచ్చాను. గాజువాకలో ఒకావిడ "మూత తియ్యగానే పుల్లటి వాసనొచ్చింది, డేటుంది కదాని తినేశాం" అన్నారు. నేను కాగితం చూసి మోసపోయాను, ఆవిడ లేబులు చూసి మోసపోయారు. తప్పు మొదట నాది. మిగిలినదంతా గొయ్యి తీసి పాతిపెట్టించాను.

అప్పటి నుంచి ప్రతి బస్తా నేనే నలిపి చూస్తున్నాను, రిపోర్టు ఉన్నా లేకపోయినా. జాడీ పద్ధతి మళ్లీ మొదలుపెట్టడానికి కూడా కారణం ఇదే.

షరతులు ఇవీ. జాడీ పింగాణీదో గాజుదో తెండి, ఒకరోజు ఎండలో పెట్టి తెండి. నేను చెయ్యి పెట్టి చూస్తాను, తడి ఉంటే వెనక్కి పంపుతాను, మా అత్తగారిలాగే. లేబులు కాగితం విడిగా ఇస్తాను, బ్యాచ్ నంబరు అందులోనే ఉంటుంది, జాడీకి అంటించుకోండి. పోసే ముందు పళ్లెంలో ముద్ద కలిపి ఇస్తాను. రుచి చూసి, వాసన చూసి, సరేనన్నాకే పోస్తాను. జాడీలో తీసుకున్నవాళ్లకి పెంచిన 20 రూపాయలు వర్తించవు, పాత ధరే. తడి చెంచా బూజుకి ఇకపై డబ్బులు వెనక్కి ఇవ్వను, అలిగినా సరే. పచ్చట్లోనే తేడా ఉంటే మాత్రం గడువు దాటి నెలైనా తీసుకురండి, ఇస్తాను. తేడా ఎక్కడిదో ఇద్దరం కలిసి చూస్తే తెలిసిపోతుంది.

బయటి ఊళ్లకి పార్సిళ్లు మామూలుగా సీసాల్లోనే. ఎండావకాయ ఈసారి తక్కువ చేస్తున్నాను, కావాల్సినవాళ్లు ముందే చెప్పండి. మే 31న కొట్టు మధ్యాహ్నం నుంచే తీస్తాను, పొద్దున్నంతా గళ్లు నింపుకోవాలి.