ట్రిప్ అవుతోందని తీయించేసింది నేనే

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు వచ్చేసరికి మీ చెన్నై పేజీలో వానాకాలం జాగ్రత్తలు వేస్తారు. తెగిపడిన తీగల దగ్గరికి వెళ్ళొద్దు, కరెంటు స్తంభాన్ని ముట్టుకోవద్దు, నీళ్ళు నిలిచిన చోట వీధి కరెంటు పెట్టె పక్కనుంచి నడవొద్దు అని. మంచి మాటలే. కత్తిరించి మా ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాను కూడా. ఆ ఫ్రిజ్ తలుపే నాకు షాక్ కొట్టిన సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

మా ఇల్లు అయనావరంలో ఉంది. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసిన మా మామగారు 1983లో కట్టించారు. నేను తెలుగు మీడియం బడిలో ముప్ఫై ఒక్కేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా స్విచ్చి వేయడం, రెండు నెలలకోసారి బిల్లు కట్టడం. ఇల్లు కట్టినప్పుడు హాల్లో గోడ మీద టేకు పట్టీలు కొట్టి, వాటి మీద రేకు క్లిప్పులతో వైరు లాగారు. వంటింట్లో మాత్రం గోడ లోపల పైపు వేశారు. వైరంతా అల్యూమినియమే. అప్పట్లో మా వీధిలో అందరూ అదే వేయించుకున్నారు. పింగాణీ ఫ్యూజులు ఉండేవి. అవి మాటిమాటికీ పోతుంటే మావారు ఒక పోగు చుట్టాల్సిన చోట మూడు పోగులు చుట్టి, ఇక పోదులే అనేవారు. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నదెంత, నాలుగు ట్యూబులైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక మిక్సీ. ఇప్పుడు రెండు ఏసీలు, వాషింగ్ మెషీను, ఇండక్షన్ స్టవ్వు. రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతుందట.

2019లో హైదరాబాదు నుంచి మా అబ్బాయి వచ్చినప్పుడు మెయిన్ పక్కన ఆర్సీసీబీ అని, కరెంటు లీకైతే ఆపేసేది ఒకటి పెట్టించి వెళ్ళాడు. నాలుగేళ్ళు అది ఉన్నట్టు కూడా నాకు తెలీదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది. మా వంటింటి బయటి గోడ నిలువునా నాని, లోపలి సున్నం పెచ్చులు లేచింది. కరెంటు తిరిగి వచ్చాక ఈ ఆర్సీసీబీ ట్రిప్ అయి మీట పడిపోవడం మొదలుపెట్టింది. మీట పైకెత్తితే గంట ఉంటుంది, మళ్ళీ టక్. మూడు రాత్రులు ఫ్రిజ్ ఆగి పాలు విరిగాయి, దోసెల పిండి పులిసి గిన్నె లోంచి పొంగింది.

హార్డ్‌వేర్ షాపులో నంబరిచ్చారు. బైకు మీద ఒక కుర్రాడు వచ్చాడు. అతని దగ్గరున్న పరికరమల్లా జేబులో టెస్టరు. దాన్ని రెండు చోట్ల పెట్టి చూసి, ఇది సెన్సిటివ్ అమ్మా, పాత ఇళ్ళకి సెట్ కాదు, డైరెక్ట్ చేసేస్తా అన్నాడు తమిళంలో. ప్రమాదం లేదు కదా అంటే, "ఒణ్ణుం ఆగాదు మా, ఎంసీబీ ఇరుక్కుల్ల" అన్నాడు. ఏమీ కాదు, ఎంసీబీ ఉంది కదా అని. ఎంసీబీ అంటే పాత ఫ్యూజు పని చేసే మీట. అన్నీ అతని మీదకి తోసేయలేను. తీసి పారెయ్ బాబూ దాన్ని అని ముందు అన్నది నేనే.

పది నిమిషాల పని. ఆర్సీసీబీలోకి వచ్చే వైర్లనీ పోయే వైర్లనీ ఊడదీసి, ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టాడు. పెట్టె మాత్రం ఉన్నచోటే ఉంచి, మీట పైకెత్తి పెట్టాడు. చూసేవాళ్ళకి అంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది. మూడొందల యాభై అడిగితే నాలుగొందలిచ్చాను. కాఫీ కూడా ఇచ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఏడాదిన్నర గడిచింది. మొన్న జూన్‌లో ఒక పొద్దున పనమ్మాయి వంటింట్లో తడిగుడ్డ పెడుతూ, "టీచరమ్మా, ఫ్రిజ్ పట్టుకుంటే జిల్లంటోంది" అంది. "చెప్పులేసుకుని తుడువు" అన్నాను. ఈ మాట రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ అది దాచిపెడితే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. ఆ పిల్ల చెప్పిన మూడో రోజు స్నానం చేసి వచ్చి, తడి కాళ్ళతోనే పాలగిన్నె కోసం తలుపు లాగాను. మోచేయి దాకా లాగేసింది. గిన్నె ఎక్కడ పడిందో కూడా తెలీలేదు.

ఈసారి పక్కింటివాళ్ళు ఒక పెద్దాయన్ని పంపారు. అరవై దాటి ఉంటాయి. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చారట, మాట సగం తెలుగు సగం తమిళం. వస్తూనే, ముందు మెయిన్ ఆపండి టీచర్‌గారూ, తర్వాతే మాటలు అన్నారు. అన్నీ చూసుకుని మళ్ళీ మెయిన్ వేసి, ఆర్సీసీబీ పనిచేస్తోందో లేదో చూడడానికి దాని మీద 'టీ' అని రాసిన చిన్న బొత్తాం నొక్కారు. ఏమీ పడలేదు. మళ్ళీ ఆపి, పెట్టె విప్పి లోపల టేపు చూశారు. ఎవరు చేశారని అడగలేదు. పెద్దమనిషి.

ఆయన సంచిలో మెగ్గరు ఉంది, వైరు తొడుగు పాడైందో లేదో కొలిచే పరికరం. పాత కుట్టుమిషనుకి ఉన్నట్టు పిడి ఉంటుంది, దాన్ని తిప్పితే ఐదొందల వోల్టులు పుడతాయి. ప్లగ్గులన్నీ తీయించి, ఒక్కో లైనుకీ తగిలించి తిప్పుకుంటూ వచ్చారు. వైరు తొడుగు గట్టిగా ఉంటే ముల్లు చాలా పైన నిలబడుతుంది, కనీసం ఒక మెగా ఓమ్ అయినా చూపించాలట. హాలు లైను ఫరవాలేదనిపించింది. పడగ్గదిలో ముల్లు కొంచెం కిందికి దిగింది. వంటింటి లైను దగ్గరికి వచ్చేసరికి సున్నా దగ్గర్నుంచి కదలనే లేదు. ఆయన స్విచ్ బోర్డు ఊడదీసి లోపలి వైరు ఒక జానెడు బయటికి లాగి, నా చేతిలో పెట్టి వంచమన్నారు. వంచితే తొడుగు అప్పడంలా పెళుసుగా విరిగి రాలింది. అదే పైపులో ఎర్తు వైరు తొడుగే లేకుండా ఒట్టి తీగగా పోతోంది. తడిసిన గోడలో ఆ రెండూ రాసుకుంటున్నాయి.

"ఎర్తు గుంత ఎక్కడుందమ్మా?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. పెరట్లో బాదం చెట్టు కింద చిన్న సిమెంటు మూత ఉండేది. మామగారు ఎండాకాలం వస్తే ప్రతి శుక్రవారం ఆ మూత తీసి, చెంబుతో నీళ్ళు పోసేవారు. గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి పైపు పాతారనీ, నేల తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుందనీ చెప్పేవారు. అత్తగారు నవ్వేవారు, మీ మామగారు కరెంటుకి తర్పణం వదులుతున్నారమ్మా అని. ఆయన పోయాక 2011లో కారు పెట్టుకోవడానికి చెట్టు కొట్టించి, పెరడంతా టైల్స్ వేయించాం. మేస్త్రి ఆ మూత మీద నుంచి కూడా పరిచేశాడు. మేమెవరం ఆపలేదు. ఇప్పుడు తవ్వి చూస్తే పైపుకి బిగించిన తీగ తుప్పు పట్టి ఎప్పుడో తెగిపోయి ఉంది.

అంటే, వంటింట్లో లీకైన కరెంటు ఎర్తు వైరులోకి దిగింది. దిగింది గానీ భూమిలోకి పోవడానికి దారి లేదు. అందుకని ఆ వైరు ఏ ప్లగ్గుల మూడో పిన్నుకి వెళ్తుందో ఆ వస్తువులన్నిటి ఒంటి మీదా కూర్చుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీను, గీజరు అన్నీను. మనల్ని కాపాడాల్సిన వైరే ఇల్లంతా షాక్ మోసుకు తిరిగింది. మరి ఎంసీబీ ఎందుకు పడలేదంటే, అది చూసేది లోడు ఎక్కువైందా, షార్టు అయిందా అనే. పదహారు ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి పోవాలి. ఆర్సీసీబీ అలా కాదు, ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని లెక్క చూస్తుంది. ముప్ఫై మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, కన్ను మూసి తెరిచే లోపు ఆపేస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఐదు వందల రెట్ల పైనే తేడా. మనిషి ప్రాణం పోవడానికి పదహారు ఆంపియర్లు అక్కర్లేదు. తుపాను తర్వాత మూడు రాత్రులు అది పడింది పాత ఇంటికి సెట్ కాక కాదు. గోడలో కరెంటు కారుతోందని చెబుతోంది. నేనే దాని నోరు నొక్కించాను.

తర్వాత ఇల్లంతా వైరింగ్ మార్పించాం. రాగి వైరే. లైట్లకి ఒకటిన్నర, ప్లగ్గులకి రెండున్నర, ఏసీలకి నాలుగు చదరపు మిల్లీమీటర్లది. ఇక్కడి ప్యారిస్ కార్నర్ బజారుకి వెళ్ళి వైరు చుట్టలు నేనే కొన్నాను, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె చూసి కొనమన్నారు. పాత బోర్డులు ఊడదీస్తుంటే ఒక్కోటీ ఒక్కో కథ. ఏసీ పెట్టినప్పుడు ఎవరో పాత అల్యూమినియం తీగకి కొత్త రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టారు, అతుకు దగ్గర తెల్లటి పొడి, చుట్టూ మసి. అల్యూమినియం స్క్రూ కింద నలిగి నలిగి వదులవుతుందనీ, వదులైన చోట వేడెక్కుతుందనీ పెద్దాయన చెప్పారు. ఇంకో చోట ఆకుపచ్చ వైరుని ఫ్యాను ఫేజుకి వాడారు. అది చూసి మాత్రం ఆయనకి నిజంగా కోపం వచ్చింది. ఆకుపచ్చ అంటే ఎర్తే, రేపెవడో అది ఎర్తని ధైర్యంగా పట్టుకుంటాడు కదా అని. అన్నీ కలిపి ఎనభై ఆరు వేలయింది. బ్యాంకులో వేసుకున్న డబ్బు తీశాను.

అంతా అయ్యాక కొత్త ఆర్సీసీబీ కూడా పడింది! కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చినప్పుడల్లా పడేది. నా గుండె జారిపోయింది. ఇన్వర్టరు న్యూట్రల్‌ని మిగతా ఇంటి న్యూట్రల్‌తో కలిపేయడం వల్ల లెక్క తప్పుతోందని కనిపెట్టి, విడదీయడానికి ఆయనకి సగం రోజు పట్టింది. డైరెక్ట్ చేస్తే పది నిమిషాల్లో అయిపోయేది.

ఒక మాట. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి ఉన్నది తీసి అలాంటిదే ఇంకోటి పెట్టుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. కొత్తగా లైను లాగాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవాళ్ళ పర్యవేక్షణలో జరగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల్లో ఉంది. తమిళనాడులో వైర్‌మన్‌కి ఆ పత్రం ఇచ్చేది గిండీలో ఉన్న ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. పెద్దాయన అడక్కుండానే తనది తీసి చూపించారు. నేను అడిగేదాన్నా అంటే, లేదు. ఏమనుకుంటాడో అని మొహమాటం. ఆ కుర్రాడి మీద కూడా నాకిప్పుడు కోపం లేదు. అతని చేతికి మెగ్గరు ఎవరిచ్చారు? మెగ్గరు తిప్పి చూడడానికి పెద్దాయన పదిహేను వందలు తీసుకుంటే, ఏమీ బాగుచేయకుండా ఒట్టి చూసినందుకా అని నా మనసులోనే అనిపించింది. నాలుగొందలిచ్చి కాఫీ ఇచ్చినప్పుడు అనిపించలేదు.

సంపాదకుల వారూ, ఈసారి వానాకాలం జాగ్రత్తల్లో వీధి స్తంభాలతో పాటు ఇంటి లోపలి సంగతి కూడా వేయండి. ఆర్సీసీబీ పడుతోందంటే తీయించొద్దని, ఫ్రిజ్ జిల్లంటే చెప్పులు వేసుకోమని కాక మెయిన్ ఆపమని, పెరట్లో టైల్స్ వేయించేముందు ఎర్తు గుంత ఎక్కడుందో చూసుకోమని. మీటరు దాకానే ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళది, ఆ తర్వాత మనదే. నలభై ఏళ్ళ నాటి ఇళ్ళు అయనావరంలో, పెరంబూరులో, విల్లివాక్కంలో వీధికి పది ఉంటాయి. చాలా ఇళ్ళలో ఉండేది మాలాంటి ముసలివాళ్ళే. అర్హత పత్రం ఉన్న వైర్‌మన్‌ల జాబితా పేటలవారీగా ఈబీ ఆఫీసుల్లో గోడకి అంటిస్తే హార్డ్‌వేర్ షాపు నంబరు మీద ఆధారపడే పని ఉండదు. సంబంధిత అధికారుల దృష్టికి మీ పత్రిక ద్వారా వెళ్తుందని ఆశ.

మా ఇంట్లో ప్రతి నెలా ఒకటో తారీకున ఆ 'టీ' బొత్తాం నొక్కే పని ఇప్పుడు పనమ్మాయిదే, తనే అడిగి తీసుకుంది. అది టక్కుమని పడితే గానీ ఆ రోజు తడిగుడ్డ చేతపట్టదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
అయనావరం, చెన్నై - 23