ఇళ్ల ఆవరణల్లోని ముసలి చెట్ల గురించి పురపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

ఇంటి ఆవరణలోని వయసు మళ్లిన చెట్టును కొట్టివేస్తామని యజమాని దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, అది నిజంగా ప్రమాదకరమో కాదో పరీక్షించిన తరువాతే అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మాను తొర్రపడినంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. నీటిని మోసే కణజాలం బెరడుకు దగ్గరి పొరల్లో ఉంటుంది గనుక, నడిమి చేవ కుళ్లినా చుట్టూ తగినంత మందాన గట్టి కలప మిగిలి ఉంటే అది ఏళ్ల తరబడి నిలబడగలదు. భయపడవలసింది చెట్టు మొదలు దగ్గర మొలిచే పుట్టగొడుగులకు, కొత్తగా వచ్చిన వాలుకు, వేళ్ల చుట్టూ నేలలో కనిపించే పగుళ్లకు.

గొడ్డలి కంటే ముందు సిమెంటు పని మొదలవుతుంది. నీటిని పీల్చే సన్నని వేళ్లలో అధికభాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి పరుచుకుని ఉంటాయి కాబట్టి, మొదలు వరకూ గచ్చు చేయిస్తే వాటికి గాలీ నీరూ అందవు. శుభ్రత పేరుతో చేసే ఈ పనిని ఇంటి నిర్మాణ అనుమతుల్లోనే నిషేధించాలి.

కరెంటు తీగల కోసం చెట్ల తలలు నరికే పద్ధతి కూడా మానిపించండి. ఆ తరువాత వచ్చే చిగుళ్లు బలహీనంగా అతుక్కుని, పెరిగాక విరిగిపడతాయి. కొమ్మను అది మానుతో కలిసే చోట ఉండే ఉబ్బుకు బయటగా కోయడం సిబ్బందికి నేర్పించాలి; గాయానికి తారు పూయనవసరం లేదు.

ఇట్లు,
ఒక పౌరుడు