డీజిలా, పెట్రోలా? అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

బుజ్జీ,

నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. బండి అదే, రంగు అదే, తేడా అంతా ఇంజన్‌లోనే. అల్లుడుగారికి డీజిల్ మీద మనసుందని, నీకేమో ఎటూ తేలడం లేదని రాశావు. ఫోన్లో చెబితే సగం విని సగం వదిలేస్తావు కాబట్టి రాసి పంపుతున్నాను, ఇద్దరూ కూర్చుని చదవండి. నా మాట ముందే చెప్పేస్తాను. మీరు తిరిగే తిరుగుడుకి పెట్రోలే తీసుకోండి.

డీజిల్ మైలేజీ ఎక్కువ ఇస్తుందన్నది నిజమే. పెట్రోల్ ఇంజన్‌లో గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని నొక్కి స్పార్క్ ప్లగ్‌తో అంటిస్తారు. డీజిల్లో ఆ ప్లగ్గే ఉండదు, ఉత్త గాలిని 15, 16 రెట్లు నొక్కేసరికి అది మండిపోయేంత వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. అంత గట్టిగా నొక్కడం వల్లే అదే ఇంధనంతో ఎక్కువ పని చేయించుకోగలుగుతుంది. పైగా లీటరు డీజిల్లో లీటరు పెట్రోల్ కన్నా సుమారు 10 శాతం దాకా శక్తి ఎక్కువ.

కానీ ఆ మైలేజీకి ముందే డబ్బు కట్టేస్తున్నాం కదా, డీజిల్ బండి ధర ఎక్కువ. ఆ తేడాని డబ్బుల్లో కాకుండా లీటర్లలోకి మార్చి చూడు, అప్పుడు విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పెట్రోల్ బండి లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ బండి 20 ఇస్తాయనుకుందాం, రెండు ఇంధనాల ధరా దాదాపు ఒకటే అనుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌తో మిగిలేది 167 లీటర్లు. బండి ధరలో తేడా 1,000 లీటర్ల ఇంధనం ఖరీదంత ఉంటే అది తిరిగి రావడానికి 6 ఏళ్లు. అదే ఏడాదికి 25,000 తిరిగేవాళ్లకి రెండున్నరేళ్లలోపే వచ్చేస్తుంది. మీ ఊళ్లో డీజిల్ చవకైతే ఇంకా ముందే రావచ్చు, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ ఎక్కువైతే ఇంకా వెనక్కి పోవచ్చు, ఆ అంకెలు మీరే వేసుకోండి. మీ పాత బండి మీటర్ చూసి ఏడాదికి ఎంత తిరిగారో లెక్కపెట్టండి, మనసులో ఉన్న అంకె కాదు, మీటర్ మీద ఉన్నది.

నిజానికి డబ్బు లెక్క నాకు రెండోదే. వర్క్‌షాపులో జాబ్ కార్డులు రాసేదాన్ని కాబట్టి, బండి లోపలికి రాగానే ఓనర్ చెప్పే మొదటి మాట వినేది నేనే. డీజిల్ బండ్ల విషయంలో నేను తరచూ వినేది, "ఏదో లైటు వెలుగుతోందండీ, పోవట్లేదు" అని. ఈ మాట ఎక్కువగా ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి బడికి, బడి నుంచి ఇంటికి తిరిగేవాళ్ల దగ్గర్నుంచే వస్తుంది.

ఇప్పటి డీజిల్ బండ్లకి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు, ఆ లైటు ఎక్కువగా దీని గురించే. అది నిండుతూ ఉంటే ఇంజన్ దాన్ని తనే కాల్చి శుభ్రం చేసుకోవాలి. అందుకు కాస్త ఎక్కువ డీజిల్ చిమ్మి ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఈ పని పూర్తవ్వాలంటే బండి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒక మాదిరి స్పీడులో నడవాలి. మీ ఆఫీసు ఐదు కిలోమీటర్లు, అందులో సగం సిగ్నళ్ల దగ్గర నిలబడటమే. ఇంజన్ సరిగ్గా వేడెక్కే లోపు మీరు పార్కింగులో ఉంటారు. పని మధ్యలో ఇంజన్ ఆపేస్తే మసి అలాగే ఉండిపోతుంది, కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజనాయిల్లో కలుస్తుంది.

ఈ మధ్య ఒకావిడ బండి తెచ్చారు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. ఆయిల్ తగ్గుతుంది గానీ పెరగడమేంటని ఆవిడకి ఆశ్చర్యం. మా మెకానిక్ రెండు వేళ్ల మధ్య రాసి చూపించాడు, జిగురే లేదు, నీళ్లలా జారిపోతోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. అలా పలచబడిన ఆయిల్‌తోనే బేరింగులు, ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో తిరుగుతున్నాయన్నమాట! బండి ఎంతో జాగ్రత్తగా, నెమ్మదిగా నడిపే మనిషి. ఆవిడ తప్పేమీ లేదు, ఆ బండి ఆవిడ దారికి సరిపోయేది కాదు, కొనేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఫిల్టర్ తీసేస్తే గొడవే ఉండదని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినొద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. మన బండి వెనకాల ఎవరి పిల్లలో నడుస్తుంటారు.

అల్లుడుగారు పికప్ గురించి అన్నది కూడా నిజమే, కాదనను. 1,500, 2,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే అంత బలంగా లాగడం డీజిల్‌కి అలవాటు, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఘాట్ రోడ్డు అంటే దాని హాయి వేరు. కానీ ఇప్పుడు టర్బో పెట్రోళ్లు కూడా ఆ ఆర్‌పీఎమ్ దగ్గరే బాగా లాగుతున్నాయి, ఆయన్ని ఒకసారి నడిపి చూడమను. ఏడాదికి ఒకట్రెండు సార్లు వెళ్లే దూరప్రయాణం కోసం రోజూ నడిపే బండిని ఇబ్బంది పెట్టడం నాకైతే సబబుగా లేదు.

వారంటీ అయ్యాక వచ్చే ఖర్చులూ ఉన్నాయి. డీజిల్‌ని చిమ్మే ఇంజెక్టర్లు 2,000 బార్ దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 2,000 రెట్ల ప్రెజర్ దగ్గర పనిచేస్తాయి, ఇంధనంలో కాస్త నీరో చెత్తో చేరినా పాడవుతాయి, బాగుచేయించడం చవక కాదు. కొన్ని బండ్లకి యాడ్‌బ్లూ అని యూరియా ద్రావణం వేరే ట్యాంకులో పోయాలి, అది పూర్తిగా అయిపోయాక ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ అవ్వదు. పెట్రోల్‌లో ఖర్చులే లేవని కాదు, స్పార్క్ ప్లగ్గులు మార్చాలి, పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుంది. అయినా చిన్న దూరాల్ని అది బాగా తట్టుకుంటుంది.

ఒకవేళ నీ ట్రాన్స్‌ఫర్ ఖాయమై రోజూ హైవే మీద పోనూ రానూ వంద కిలోమీటర్లు తిరగాల్సి వస్తే నా మాట మారుతుంది, అప్పుడు నిశ్చింతగా డీజిల్ తీసుకోండి, ఆ ఫిల్టరూ సుఖంగా ఉంటుంది, మీ జేబూ సుఖంగా ఉంటుంది. అందుకే ఆ ఆర్డరు సంగతి తేలేదాకా అడ్వాన్స్ కట్టకండి. డిస్కౌంట్ ఈ నెలాఖరుకే అని షోరూంవాళ్లు తొందరపెడతారు, టెన్షన్ పడొద్దు.

టెస్ట్ డ్రైవ్‌కి పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండు బండ్లూ మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి. హైవే మీదకి తీసుకెళ్తామంటే సరేననకుండా నువ్వు రోజూ వెళ్లే ఆఫీసు దారిలోనే నడుపు. ఎలా అనిపించిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు, ఈసారి అల్లుడుగారికి కూడా ఫోన్ ఇవ్వు.

అమ్మ