డిసెంబరు వార్తాలేఖ: సెలవుల్లో పిల్లల పక్కన కూర్చుని ఆడించదగిన ఒక ఆట

తల్లిదండ్రులకు నమస్కారం.

శీతాకాల సెలవులు దగ్గర పడగానే మన ఆదివారం తెలుగు బడి గుమ్మంలో ఏటా నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది: "పిల్లలు ఎలాగూ వీడియో గేమ్ కొనమంటున్నారు, కొనదగినది ఏదైనా ఉంటే చెప్పండి మేడమ్." ఇన్నాళ్లూ ఆ మాట దాటవేస్తూ వచ్చాను. ఈసారి థ్యాంక్స్‌గివింగ్ సెలవులు మా చెల్లెలి ఇంట్లో గడిపి, పిల్లల పక్కనే కూర్చుని ఒక ఆటను మొదటి నుంచి చివరి దాకా చూశాను కనుక, అందులో నాకు నచ్చినవీ నచ్చనివీ దాచకుండా రాస్తున్నాను.

ఆ ఆట పేరు 'కెప్టెన్ టోడ్: ట్రెజర్ ట్రాకర్'. నింటెండో సంస్థ దీనిని 2014లో వీ యూ అనే ఆట యంత్రం కోసం విడుదల చేసి, 2018లో స్విచ్, త్రీడీఎస్ అనే తన ఇతర ఆట యంత్రాలకూ తెచ్చింది. పుట్టగొడుగు గొడుగులాంటి తల, వీపున పెద్ద మూట ఉన్న కెప్టెన్ టోడ్ అనే బుల్లి అన్వేషకుడు ఇందులో కథానాయకుడు. మూట బరువుకు అతను ఎగిరి గెంతలేడు. మెట్టు దిగిపోతే తిరిగి ఎక్కడానికి మరో దారి వెతుక్కోవాల్సిందే కనుక, పిల్లలు అడుగు వేసే ముందు ఆగి చూడటం దానంతట అదే అలవాటవుతుంది.

ఒక్కో లెవెల్ మన బొమ్మల కొలువులోని ఒక చిన్న అమరికలా ఉంటుంది: ఒక కోట, ఒక నీటి మడుగు, కొన్ని మెట్లు, ఒక చక్రం, అన్నీ అరచేతిలో పట్టేంత ముచ్చటగా. ఎదురుగా చూస్తే సగమే కనిపిస్తుంది. ఆ అమరికను చుట్టూ తిప్పి చూస్తేనే గోడల చాటున దాగిన మూడు రత్నాలూ, చివరన ఉన్న నక్షత్రమూ చేరే దారి తెలుస్తుంది. చేతి వేగంతో పెద్దగా పని లేదు, చూపుతోనే పని.

నన్ను ఈ ఉత్తరం రాయించినది మాత్రం శుక్రవారం మధ్యాహ్నం జరిగిన ఒక చిన్న విషయం. మా చెల్లెలి కూతురు ఎనిమిదేళ్లది, కంట్రోలర్ పట్టుకుని ఒక గోడ దగ్గర చిక్కుకుపోయింది. దాని వెనుక ఏముందో చూడాలని టీవీ పక్కకి తల వంచి మరీ తొంగి చూసింది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ సోఫాలో కూర్చుని "వెనకాల ఏదో మెరిసిందే" అంది. "ఏ వెనకాల అమ్మమ్మా? గోడ వెనకాలా, మెట్ల వెనకాలా?" "మెట్ల కింద, ఎడం పక్క. ఇటు తిప్పు, ఇంకొంచెం." పాప తిప్పింది, రత్నం కనిపించింది. లోన, మీద, కింద, వెనుక, పక్కన అనే మాటలను మనం రెండో తరగతిలో అభ్యాస పత్రాల మీద ఎన్నో వారాలు దిద్దిస్తాము. ఆ అరగంటలో అమ్మమ్మకు ఇంగ్లీషు రాకపోవడం, ఆటలో చదవవలసిన మాటలు చాలా తక్కువ కావడం కలిసివచ్చి, పాప నోట అవన్నీ తడబాటు లేకుండా వచ్చాయి.

ఇక లోపాలు. లెవెల్స్ డెబ్బైకి పైగానే ఉన్నా, పెద్దపిల్లలకు ఇది త్వరగా అయిపోతుంది, పాప అన్నయ్య, పదకొండేళ్లవాడు, శనివారం రాత్రికల్లా కథ ముగించి "ఇంతేనా పెద్దమ్మా?" అని అడిగాడు. మిగిలిన రత్నాలనూ, ఒక్కో లెవెల్ పూర్తయ్యాక చూపించే అదనపు పనులనూ వెతికే ఓపిక ఉన్నవారికే ఆట నిలుస్తుంది. పెద్ద పోరాటాలలో అదే డ్రాగన్, అదే పక్షి కొద్దిపాటి మార్పులతో మళ్లీ మళ్లీ రావడం నాకే విసుగనిపించింది. ఇరుకైన సందుల్లో ఎంత తిప్పినా గోడే అడ్డం వస్తుంది. టీవీలో ఆడేటప్పుడు కంట్రోలర్ కదలికతో జరిగే గుర్తు ఒకటి తెర మీద తిరుగుతూ చిన్నపిల్లలను తికమక పెడుతుంది; యంత్రాన్ని చేతిలో పట్టుకుని తెరను వేలితో తాకి ఆడితే ఆ ఇబ్బంది లేదు. పక్షి ఎత్తుకుపోయిన టోడెట్ అనే అమ్మాయిని, అంటే కెప్టెన్ టోడ్ నేస్తాన్ని, వెతకడంతో కథ మొదలవడం పాపకు నచ్చలేదు, కానీ రెండో భాగంలో టోడెట్టే కెప్టెన్ టోడ్‌ను వెతుక్కుంటూ బయలుదేరడం చూసి శాంతించింది.

అమెరికాలో దీనికి అందరూ ఆడదగినదన్న 'ఇ' గుర్తింపు ఉంది. స్విచ్‌కు విడుదలైనప్పుడు ధర దాదాపు 40 డాలర్లు. ఒక్కసారి ముగిశాక అటకెక్కే అవకాశం ఉన్న ఆటకు అంత పెట్టేముందు మీ కౌంటీ గ్రంథాలయంలో అడగండి, చాలా చోట్ల స్విచ్ ఆటలు అరువిస్తారు. దీనికోసమే యంత్రం కొనవద్దని నా మాట. స్విచ్‌లో ఇద్దరు కలిసి ఆడే వీలు కూడా ఉంది, అయినా నా అనుభవంలో ఒకరు ఆడుతుండగా మరొకరు పక్కన కూర్చుని దారి చెప్పడమే బాగుంది. ఆ రెండో మనిషి మీరో, ఊరి నుంచి వచ్చిన తాతగారో, వీడియో కాల్‌లో ఉన్న నానమ్మగారో అయితే మరీ మంచిది.

జనవరిలో బడి తెరిచాక సంక్రాంతికి తరగతి గదిలో బొమ్మల కొలువు పెడుతున్నాము. ప్రతి విద్యార్థీ ఒక బొమ్మ తెచ్చి, అది ఏ మెట్టు మీద, దేనికి ఏ పక్కన, దేని వెనుక ఉందో తోటివారికి తెలుగులో చెప్పాలి. కళ్లు మూసుకున్న స్నేహితుడు ఆ మాటలను బట్టి చేయి చాపి బొమ్మను అందుకోవాలి. ఆట ఆడిన పిల్లలు తమకు నచ్చిన ఒక లెవెల్ దారిని కాగితం మీద గీసి తెచ్చి వివరించవచ్చు. బొమ్మ చేతిలో ఇమిడేంత చిన్నదిగా, పగలనిదిగా ఉండేలా చూడండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు