ఇంటి మరమ్మతులకూ రాతకోతలు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఈశాన్య రుతుపవనాలు రాకముందే పాత ఇళ్ల మరమ్మతులు ముగించుకోవాలని తిరుపతిలో చాలామంది వేసవి నుంచే మేస్త్రీల కోసం తిరుగుతుంటారు. కొర్లగుంటలో మా నాన్నగారు కట్టించిన మద్రాసు మిద్దెను, అంటే టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పును, విప్పించి స్లాబు వేయించడానికి నేను కూడా నిరుడు అలాగే తిరిగి, బంధువుల మాట మీద ఒక కాంట్రాక్టరుకు పని అప్పగించాను. చదరపు అడుగుకు ఇంత అని నోటిమాటగా రేటు కుదిరింది. పాత కప్పు కూల్చడం, ఆ మట్టీ ఇటుకలూ తోలించడం, వైరింగు, పిట్టగోడ ఆ రేటులోకే వస్తాయో రావో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. సామగ్రి కొనాలంటూ సగం సొమ్ము ముందే తీసుకున్న ఆయన, కప్పు విప్పిన వారానికే మరో పనికి వెళ్లిపోయారు. నెత్తిన కప్పు లేని యజమాని ఎంత అడిగితే అంత ఇస్తాడని ఆయనకు నాకంటే బాగా తెలుసు. అక్టోబరు వానలకు టార్పాలిన్ కింద బీరువాలు తడిశాయి.

స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థ రెరాకు ఫిర్యాదు చేయమని కొందరు సలహా ఇచ్చారు గానీ, అమ్మకంతోనూ కేటాయింపుతోనూ సంబంధం లేని మరమ్మతు పనులకు 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్ట్రేషనే అక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం గృహనిర్మాణాన్ని సేవగా గుర్తించింది. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే రుసుము లేకుండానే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, కాకపోతే వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. తీరా వెళ్తే అక్కడ చూపడానికి నా దగ్గర ఫోన్‌లో సొమ్ము పంపిన వివరాలు తప్ప మరేమీ లేవు.

రెండో మేస్త్రీతో రెండు పేజీల ఒప్పందం రాసుకున్నాను. కాగితం చూసి ఆయన మొదట చిన్నబుచ్చుకున్నా, పని మధ్యలో మనసు మార్చుకుని కూలీ ఎగ్గొట్టే యజమానుల సంగతి తలుచుకుని సంతకం చేశారు. సెంట్రింగ్ పూర్తయి కడ్డీలు కట్టాక ఒక వాయిదా, స్లాబు పోశాక ఒకటి, పూతపని ముగిశాక ఒకటి, మిగిలిన పదో వంతు ఒక గట్టి వాన చూశాక ఇవ్వాలని అందులో ఉంది. ఫ్లైయాష్ వంటివి కలిపిన పీపీసీ సిమెంటు స్లాబును, కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదు కాబట్టి, నీళ్లు కట్టే పూచీ ఎవరిదో కూడా రాశాము. ఇలాంటి పనుల్లో సగం గొడవలు ఆ నీళ్ల దగ్గరే వస్తాయని ఇరుగుపొరుగు అనుభవంతో చెప్పారు.

ఇలాంటి నమూనా ఒప్పందాన్ని సులభమైన తెలుగులో అచ్చువేయించి, ఇంటి ప్లాను అనుమతుల కోసం వచ్చేవారికీ, వార్డు సచివాలయాల్లో అడిగినవారికీ ఉచితంగా అందించాలని నగరపాలక సంస్థ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈ ఏడాది వానలకు ముందే అది అందితే మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి